వంకర తీసే వేళ

పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం



కమిటీ వారు నాకు రెండు షరతులు పెట్టారు. నా వృత్తి గురించే మాట్లాడాలి. పదో తరగతి పిల్లలకు అర్థం కావాలి. మూడో షరతు నేనే పెట్టుకున్నాను, మాస్టార్లకు నిద్ర రాకూడదని. నేను 1984లో ఇక్కడ పదో తరగతి పూర్తి చేసి, పాలిటెక్నిక్‌లో మెటలర్జీ తీసుకుని, ఆ తర్వాత ఇంజనీరింగ్ చదివాను. ముప్పై ఏళ్ళు దాటింది, ఉక్కును వేడి చేసి చల్లార్చే పనిలోనే ఉన్నాను. దాన్ని హీట్ ట్రీట్‌మెంట్ అంటారు. ఆ పనిలో పైకి చాలా చిన్నదిగా కనిపించే ఒక సమస్యను ఈ రోజు ఎంచుకున్నాను. కత్తిని గట్టిపరిచాక అది వంకరపోతుంది. ఆ వంకరను ఎప్పుడు తీయాలి, ఎలా తీయాలి అన్నదే నా విషయం.

ముందు సమస్య చూపిస్తాను. ఈ బల్ల మీద రెండు కత్తి బద్దలు ఉన్నాయి. ఒకే రేకులోంచి కోసినవి. 200 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల మందం. మొదటిదాన్ని గాజు పలక మీద పెడితే కింద వెలుతురు కనిపించదు. రెండోదాన్ని పెడితే నడిమిలో నాలుగైదు పోస్టు కార్డులు దూరేంత సందు ఉంది. ఒకటింపావు మిల్లీమీటరు. ఇంత చిన్న సందుకు అంత గొడవ ఎందుకు అనిపిస్తుంది. ఈ బద్దను అలాగే సానబడితే ఒక పక్క ఎక్కువ అరుగుతుంది, రెండో పక్క తక్కువ అరుగుతుంది. అంచు నడిమికి రాదు. వంటింట్లో ఉల్లిపాయ కోస్తే కత్తి పక్కకు లాగుతుంది. కాగితం కోసే మిషన్‌లో బిగిస్తే ఒక చోట తెగుతుంది, ఇంకో చోట నలుగుతుంది. అందుకే వంకర బద్దను ఎవరూ తీసుకోరు. అయితే వంకరను తప్పుగా తీసిన బద్ద ఇంతకన్నా ప్రమాదం. ఆ సంగతికి తర్వాత వస్తాను.

అసలు వంకర ఎందుకు వస్తుందో తెలియాలంటే గట్టిదనం ఎలా వస్తుందో తెలియాలి. ఊళ్ళో కొలిమి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తిత్తి ఊదుతుంటే బొగ్గులు ఎర్రబడడం, పట్టకారుతో కొడవలిని పట్టుకుని నీళ్ళ తొట్టిలో ముంచడం, బుస్సుమని ఆవిరి లేవడం. పెద్దవాళ్ళు దాన్ని పాయనం పెట్టడం అనేవారు. ఫ్యాక్టరీలో మేము చేసేదీ అదే. కొలిమి బదులు ఫర్నేసు, నీళ్ళ బదులు ఎక్కువగా నూనె, కంటి బదులు థర్మోకపుల్.

ఉక్కు అంటే ఇనుము, అందులో కొద్దిగా కార్బన్. కత్తులకు వాడే రకాల్లో కార్బన్ అర శాతం నుంచి ఒక శాతం దాకా ఉంటుంది. ఇనుములో అణువులు ఒక పద్ధతిలో అమరి ఉంటాయి. స్వచ్ఛమైన ఇనుములో 912 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ అమరిక మారిపోతుంది. కార్బన్ కలిసిన ఉక్కులో ఆ మార్పు 727 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. ఆ వేడి అమరికకు ఆస్టెనైట్ అని పేరు. నీళ్ళలో పంచదార కరిగినట్టు దానిలో కార్బన్ కరుగుతుంది. మెల్లగా చల్లారనిస్తే కార్బన్ తీరిగ్గా విడిపడి సన్నని పొరలుగా పేరుకుంటుంది, ఉక్కు మెత్తగా ఉంటుంది. గబుక్కున చల్లారిస్తే కార్బన్‌కు బయటపడే వ్యవధి దొరకదు. అణువుల మధ్య ఇరుక్కుపోతుంది. ఆ ఇరుకుతో మొత్తం అమరిక బిగుసుకుంటుంది. అదే మార్టెన్‌సైట్. అడాల్ఫ్ మార్టెన్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేరు మీద వచ్చిన మాట. కత్తి గట్టిదనమంతా దీనిదే.

పిల్లలకు ఒక చిన్న విశేషం. 770 డిగ్రీలు దాటితే ఇనుము అయస్కాంతానికి అంటుకోదు. థర్మోకపుల్ లేని చోట కమ్మరి ఎర్రటి బద్దకు అయస్కాంతం తాకించి చూస్తాడు. పట్టు వదిలిందంటే ఇంకొంచెం వేడి చేసి ముంచుతాడు. అయస్కాంతమే అతని థర్మామీటరు.

నూనెలోంచి తీసి పూర్తిగా చల్లారిన బద్ద చాలా గట్టిగా ఉంటుంది. మేము రాక్‌వెల్ అనే కొలతలో చూస్తాం, 64 దాకా వస్తుంది. కానీ అది గాజు లాంటిది. కింద పడితే విరగవచ్చు. అందుకని దాన్ని మళ్ళీ 200 డిగ్రీల దగ్గర ఒకటి రెండు గంటలు ఉంచుతాం. దీన్ని టెంపరింగ్ అంటారు. ఇరుక్కున్న కార్బన్ కొంత సర్దుకుంటుంది. గట్టిదనం 60 దగ్గరికి దిగుతుంది, దానికి బదులు ఓర్పు వస్తుంది. ముంచిన బద్దకు, టెంపర్ చేసిన బద్దకు ఉన్న ఈ తేడాను దయచేసి గుర్తుంచుకోండి. నేను చెప్పబోయేదంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఇప్పుడు వంకర. మన బడి సైన్సు ల్యాబులో ద్విలోహ పట్టీ ఉండేది. ఒక పక్క ఇత్తడి, ఒక పక్క ఇనుము. సైన్సు మాస్టారు దాన్ని స్పిరిట్ దీపం మీద పెడితే వంగేది. ఇత్తడి ఎక్కువ సాగుతుంది, ఇనుము తక్కువ సాగుతుంది, రెండూ ఒకదానికొకటి అతికి ఉన్నాయి కనుక పట్టీ వంగక తప్పదు. "పొడవులో తేడా, వంపులో కనిపిస్తుంది" అనేవారు మాస్టారు. నా ఉద్యోగమంతా ఆ ఒక్క వాక్యం మీద నడిచిందంటే అతిశయోక్తి కాదు.

కత్తి బద్దలో ఇత్తడి లేదు. కానీ దాని రెండు ముఖాలూ ఒకేసారి, ఒకే తీరుగా చల్లారకపోతే అది కాసేపు ద్విలోహ పట్టీ అయిపోతుంది. నూనెలో పడ్డ బద్దలో రెండు పనులు ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. మొదట చల్లారే కొద్దీ కుదించుకుపోతుంది. 800 డిగ్రీల నుంచి దిగే 200 మిల్లీమీటర్ల బద్ద 2 మిల్లీమీటర్లకు పైగా పొట్టిది కావాలని చూస్తుంది. ఆ తర్వాత, సుమారు 200 డిగ్రీల దగ్గర, మార్టెన్‌సైట్ పుట్టడం మొదలవుతుంది. మార్టెన్‌సైట్ ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఘనపరిమాణం 4 శాతం దాకా పెరుగుతుంది. ముందు కుదింపు, తర్వాత ఉబ్బు. ఒక ముఖం ముందు, ఒక ముఖం వెనక అయితే రెండూ ఒకదాన్నొకటి లాగుతాయి, తోస్తాయి. ఆ తగాదా ముగిసేసరికి మిగిలేదే వంకర.

ఎంత తేడాకు ఎంత వంకర వస్తుందో ఒక లెక్క చెబుతాను. ఈ బద్దలో ఒక ముఖం రెండోదానికన్నా కేవలం 0.1 మిల్లీమీటరు పొడవైందనుకోండి. అంటే ఒక కాగితం మందం. పొడవును తేడాతో గుణించి, మందానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే నడిమిలో లేచే ఎత్తు వస్తుంది. 200ని 0.1తో గుణిస్తే 20. దాన్ని 16తో భాగిస్తే 1.25. ఇందాక చూసిన పోస్టు కార్డుల సందు అదే. బద్ద మందం సగమైతే అంతే తేడాకు వంకర రెండింతలు. పలచని కత్తులు ఎక్కువ సతాయించేది ఇందుకే.

తేడా ఎక్కడి నుంచి వస్తుంది? మా షాపులో కొత్తవాళ్ళు వంకర చూడగానే నూనెను తిడతారు. నూనె చివరి సాక్షి మాత్రమే. చాలాసార్లు కారణం అంతకు ముందే ఉంటుంది. రేకును కత్తెర మిషన్‌లో కోసినప్పుడు అంచుల్లో బిగువు దాక్కుంటుంది. సుత్తితో సాగదీసినప్పుడు ఒక పక్క ఎక్కువ దెబ్బలు పడి ఉండవచ్చు. ముంచక ముందే సానబట్టినప్పుడు ఒక పక్క పలచన, ఒక పక్క మందం అయి ఉండవచ్చు. ఫర్నేసులో బద్దను పడుకోబెడితే తన బరువుకే కొంచెం కుంగి ఉండవచ్చు. ఎర్రగా ఉన్నప్పుడు పట్టకారు గట్టిగా నొక్కి ఉండవచ్చు. ఇవన్నీ చల్లగా ఉన్నప్పుడు కనిపించవు. వేడి ఎక్కగానే బయటపడతాయి.

కనుక వంకర తీయడం ముంచక ముందే మొదలవుతుంది. మేము బద్దను ఎర్రగా వేడి చేసి, గాలిలో మెల్లగా చల్లారనిచ్చి, ఇలా రెండు మూడుసార్లు చేస్తాం. లోపల దాక్కున్న బిగువు అప్పుడే వదులుతుంది. వంకర వస్తే అప్పుడే వస్తుంది, ఉక్కు మెత్తగా ఉంటుంది కనుక సుత్తితో సులువుగా సరిచేయవచ్చు. తర్వాత రెండు పక్కలా సమానంగా అరగదీస్తాం. అంచును పూర్తిగా పలచన చేయకుండా కాస్త మందం మిగులుస్తాం. ఫర్నేసులో నిలబెడతాం లేదా వేలాడదీస్తాం. నూనెను 50, 60 డిగ్రీలకు వెచ్చబరుస్తాం. వెచ్చని నూనె పలచబడి బద్ద చుట్టూ సమంగా పారుతుంది. ముంచేటప్పుడు బద్ద నిటారుగా దిగాలి. లోపల కదిపితే కత్తితో కోస్తున్నట్టు ముందుకూ వెనక్కూ కదపాలి, విసనకర్రలా పక్కలకు ఊపకూడదు. పక్కకు ఊపితే నూనె ఎదురుగా తగిలే ముఖం ముందు చల్లారిపోతుంది. ఇక చెప్పేదేముంది, ద్విలోహ పట్టీ.

ఇన్ని చేసినా పదిలో ఒకటో రెండో వంగుతాయి. అప్పుడేం చేయాలి? దీనికి మూడు వేళలు ఉన్నాయి.

మొదటి వేళ చాలా చిన్నది. బద్ద నూనెలోంచి బయటికి వచ్చిన క్షణం. అది 200 డిగ్రీలకు కాస్త పైన ఉండగా తీశామనుకోండి, లోపల ఇంకా మార్టెన్‌సైట్ పుట్టలేదు. చూడడానికి నల్లగా, గట్టిపడినట్టే ఉంటుంది కానీ లోపల ఇంకా మెత్తని ఆస్టెనైటే. మందపాటి తోలు గ్లవుజులు వేసుకుని చేతులతోనే వంచవచ్చు. రెండు చదునైన లోహపు పలకల మధ్య నొక్కి పెట్టవచ్చు కూడా. పలచని బద్ద అయితే ఒకటి రెండు నిమిషాల వ్యవధి. మీద అంటిన నూనె ఇంకా పొగలు కక్కుతూ ఉండాలి. పొగ ఆగిందంటే చెయ్యి తీసేయాలి. అప్పటికే మార్టెన్‌సైట్ పుడుతూ ఉంటుంది, 100 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి చాలా భాగం మారిపోయి ఉంటుంది. ఆ తర్వాత వంచితే వంగదు, విరుగుతుంది.

రెండో వేళ టెంపరింగ్. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే, ఎందుకంటే దీనికి చేతి బలం అక్కర్లేదు, ఓపిక కావాలి. మందమైన ఇనుప పట్టీ ఒకటి తీసుకుంటాం. వంకర బద్దను వీపు పైకి వచ్చేట్టు దాని మీద పెట్టి, రెండు చివర్ల కింద రెండు బిళ్ళలు ఉంచుతాం. ఇంట్లో చేసుకునేవాళ్ళు నాణేలు పెడతారు. నడిమిలో సీ క్లాంపు వేసి మెల్లగా బిగిస్తాం. బద్ద తిన్నగా అయ్యాక ఆపం. ఇంకొంచెం బిగించి రెండో వైపుకు వంచుతాం. అలాగే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంట, రెండు గంటలు. లోపల కార్బన్ సర్దుకుంటూ ఉంటుంది, బిగువు సడలుతూ ఉంటుంది. ఆ సర్దుబాటు జరిగే వేళ మనం పట్టి ఉంచిన ఆకారాన్ని బద్ద కొంత తనదిగా తీసుకుంటుంది. పూర్తిగా తీసుకోదు. క్లాంపు విప్పగానే కొంత వెనక్కి పోతుంది. అందుకే తిన్నగా కావాలంటే తిన్నగా బిగిస్తే చాలదు, అటువైపుకు దాటించి బిగించాలి.

ఎంత దాటించాలి? దీనికి పుస్తకంలో ఒక అంకె లేదు. ఉక్కు రకం, మందం, మొదటి టెంపరింగా రెండోదా, వీటిని బట్టి మారుతుంది. మొదటిసారి వంకర ఉన్నంత మేరకే అటువైపుకు దాటిస్తాం. విప్పి గాజు పలక మీద చూస్తాం. చాలకపోతే రెండోసారి ఇంకొంచెం. ఒక్కసారిలో అయిపోవాలని గట్టిగా బిగించేవాడు బద్దను విరుస్తాడు. వంకర పెద్దదయితే ముందు క్లాంపు లేకుండా ఒక గంట టెంపర్ చేసి, పెళుసుదనం తగ్గాకే బిగించాలి. ఒక నియమం మాత్రం ఉంది. ఆ కత్తికి నిర్ణయించిన టెంపరింగ్ వేడిని దాటకూడదు. దాటితే వంకర పోతుంది, దాంతోపాటు పదునూ పోతుంది.

మూడో వేళ టెంపరింగ్ అంతా ముగిశాక. ఇది సుత్తి పని. చాలామంది దీన్ని తలకిందులుగా ఊహిస్తారు. బద్ద ఉబ్బిన వైపు కొట్టి అణగదొక్కాలనుకుంటారు. గట్టి బద్ద అలా అణగదు. పైకి తిరిగి లేస్తుంది, లేదా విరుగుతుంది. కొట్టాల్సింది గుంట పడ్డ వైపు. ఆ ముఖమే పొట్టిగా ఉంది కనుక దాన్ని సాగదీయాలి. కార్బైడ్ మొన ఉన్న చిన్న సుత్తితో, చదునైన దిమ్మె మీద బద్దను ఆనించి, దగ్గర దగ్గరగా తేలికపాటి దెబ్బలు వేస్తాం. ఒక్కో దెబ్బకు చిన్న చుక్క పడుతుంది. ఒక్కో చుక్క చుట్టూ ఉన్న ఉక్కును వెంట్రుకవాసి పక్కకు జరుపుతుంది. ఇందాకటి లెక్క గుర్తుంది కదా, 0.1 మిల్లీమీటరు పొడవుకు 1.25 మిల్లీమీటర్ల వంకర. అదే లెక్క ఇప్పుడు మన పక్షాన పనిచేస్తుంది. రంపపు మిల్లుల్లో గుండ్రటి రంపపు బిళ్ళలను చదును చేసే పనివాళ్ళు కూడా ఇలాగే చుక్కలు వేసే సరిచేస్తారు. ఆ చుక్కలు తర్వాత సానలో పోతాయి.

నాలుగో వేళ లేదు. ముంచి, చల్లారి, ఇంకా టెంపర్ చేయని బద్దను ఎవరూ ఏ వైపుకూ వంచకూడదు.

ఈ మాట ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో చెప్పాలి. నేను ట్రైనీగా చేరిన ఒక షాపులో కాగితం కోసే కత్తుల ఆర్డరు నడుస్తోంది. తెల్లారేసరికి లారీ ఎక్కాలి. టెంపరింగ్ ఫర్నేసు వేరే మాలుతో నిండి ఉంది. ముంచిన బద్దలు పక్కన పోగుపడ్డాయి. "ఫర్నేసు ఖాళీ అయ్యేలోగా వంకరలు తీసేయండి, టైం కలిసొస్తుంది" అని పైనుంచి మాట వచ్చింది. హెల్పరు ఒక బద్దను బెంచి వైస్‌లో పెట్టి గొట్టం తగిలించి లాగాడు. అది వంగలేదు. చిటుక్కుమని మూడు ముక్కలైంది. ఒక ముక్క అతని కంటి కింద చెంపను చీల్చింది. కన్ను దక్కింది, అది వేలెడు దూరం చలవ. అతనికి పంతొమ్మిదేళ్ళు. పదో తరగతి తప్పి పనిలో చేరినవాడు. ఎందుకు విరిగిందో అతనికి ఎవరూ చెప్పి ఉండలేదు. ఆ రాత్రి అతనికి తెలిసిందల్లా, పెద్దవాళ్ళు లాగమన్నారు, లాగాడు.

ఆ షాపులో తర్వాత కళ్ళద్దాలు వచ్చాయి, గొట్టం వాడకూడదని బోర్డు వచ్చింది. నా మనసులో మాత్రం ఇంకో ప్రశ్న మిగిలింది. ఆ రాత్రి ఆ పోగులో విరగకుండా వంగిన బద్దలు కూడా కొన్ని ఉన్నాయి. అవి తిన్నగానే కనిపించాయి. వాటి లోపల వెంట్రుకంత చీలిక ఏర్పడి ఉంటే? అలాంటి బద్ద గాజు పలక పరీక్షలో గెలుస్తుంది. పెట్టెలో పడుకుని ఊరు దాటుతుంది. ఎవరిదో ప్రెస్సులో, ఎవరి చేతుల దగ్గరో ఒక రోజు విరుగుతుంది. వంకర బద్ద తన లోపాన్ని దాచుకోదు. తొందరలో తిన్నగా చేసిన బద్ద దాచుకుంటుంది. తప్పుగా తీసిన వంకర ప్రమాదం అని మొదట్లో అన్నది ఇందుకే.

అందుకని ఇప్పుడు నా యూనిట్‌లో, ముంచిన బద్దలు టెంపర్ కాకుండా వంకర తీసే బెంచి దగ్గరికి రావు. వాటికి ఎర్ర ట్రే, టెంపర్ అయినవాటికి పచ్చ ట్రే. చదవడం రానివాడికి కూడా తెలియాలని రంగులు పెట్టాం. వంకర తీసిన ప్రతి బద్దను కిరసనాయిలులో నానబెట్టి, తుడిచి, సుద్ద పూస్తాం. చీలిక ఉంటే అందులో దూరిన నూనె బయటికి ఊరి, తెల్లటి సుద్ద మీద నల్లటి గీతలా కనిపిస్తుంది. నూనె, సుద్దల పరీక్ష పాతకాలంలో రైల్వే ఇరుసులకు చేసేవారు. ఇప్పుడు ఖరీదైన పరీక్షలు చాలా వచ్చాయి, ఇది మాత్రం ఈ బడి ల్యాబులో కూడా చేయవచ్చు. గీత కనిపించిన బద్దను మేము రెండు ముక్కలు చేస్తాం. ఊరికే తుక్కులో పడేస్తే ఎవరో ఒకరు "బాగానే ఉందే" అని ఏరుకుపోతారు.

మన ఊరి కొడవళ్ళు అంతగా వంకరపోవేం అని అడగవచ్చు. మంచి ప్రశ్న. లారీ కమాను పట్టీలోంచి కొడవలి చేసే కమ్మరి చాలాసార్లు మొత్తాన్ని ముంచడు. అంచును మాత్రమే ముంచుతాడు. వీపు వేడిగానే ఉంటుంది. బయటికి తీసి అంచును రాతి మీద రుద్దితే మెరుస్తుంది. వీపులో మిగిలిన వేడి మెల్లగా అంచుకు పాకుతుంటే ఆ మెరుపు మీద రంగులు నడుస్తాయి. ముందు లేత గడ్డి రంగు, తర్వాత గోధుమ రంగు, ఆ తర్వాత వంకాయ రంగు, చివరికి నీలం. గడ్డి రంగు అంటే 220 డిగ్రీల ప్రాంతం, నీలం అంటే 300. తనకు కావలసిన రంగు అంచుకు చేరగానే మళ్ళీ ముంచేస్తాడు. గట్టిపరచడం, టెంపరింగ్ రెండూ ఒకే వేడిలో అయిపోయాయి. వీపు మెత్తగా ఉంది కనుక చిన్న వంకర వస్తే రెండు సుత్తి దెబ్బలతో పోతుంది. ఆ రంగుల వరస మేము పాలిటెక్నిక్‌లో పట్టికగా నేర్చుకున్నాం. అతను పట్టిక లేకుండా చూశాడు.

వంకరనే పనికి వాడుకున్నవాళ్ళూ ఉన్నారు. జపాన్ కత్తుల వంపు మీరు బొమ్మల్లో చూసి ఉంటారు. ముంచక ముందు వీపు మీద మందంగా మట్టి పూస్తారు, అంచు మీద పలచగా. నీళ్ళలో పడగానే అంచు వేగంగా చల్లారి మార్టెన్‌సైట్ అవుతుంది, ఉబ్బుతుంది. వీపు మెల్లగా చల్లారి మెత్తగా ఉంటుంది. అంచు పొడవు పెరిగింది, వీపు పెరగలేదు. కత్తి వీపు వైపుకు వంగుతుంది. ఎంత వంగుతుందో ముందే అంచనా వేసుకుని బద్దను తయారు చేస్తారు. మనం లోపం అనే దాన్ని వాళ్ళు లెక్కలో కలుపుకున్నారు. అయినా ఆ క్షణంలో పగిలిపోయే కత్తులు వాళ్ళకూ ఉన్నాయి.

మొక్కై వంగనిది మానై వంగునా అని మనకొక సామెత. ఈ సభలో మాస్టార్లందరూ ఏదో ఒక రోజు మమ్మల్ని ఉద్దేశించి అన్నదే. మొక్కల సంగతి నాకు తెలియదు కానీ ఉక్కు విషయంలో ఈ సామెతకు చిన్న సవరణ ఉంది. మానైన తర్వాత కూడా వంగుతుంది. కానీ చలిలో వంగదు, బలానికి వంగదు, ఒక్క రోజులో వంగదు. వేడి ఇవ్వాలి, పట్టి ఉంచాలి, విప్పి చూడాలి, మళ్ళీ కొంచెం బిగించాలి. విరిగిపోయిన బద్దల్లో నేను చూసినవి చాలామటుకు మొండివి కావు. వేళ కాని వేళ వంచినవి.

పిల్లల గురించి నేను మాస్టార్లకు చెప్పడం సాహసం. చెప్పను. నా దగ్గర పనిచేసే వాళ్ళ గురించి చెబుతాను. నా యూనిట్‌లో బెంచి మీద పనిచేసే కుర్రాళ్ళలో ఎక్కువమంది పదో తరగతి దగ్గర ఆగిపోయినవాళ్ళే. చేరిన మొదటి వారం వాళ్ళ చేత పని చేయించను. ఒక ద్విలోహ పట్టీ, ఒక స్పిరిట్ దీపం ఇచ్చి కూర్చోబెడతాను. ఎందుకు వంగిందో వాళ్ళ నోటితో చెప్పేదాకా బద్ద చేతికివ్వను. "మార్కులు పోయినప్పుడు ఇది అర్థం కాలేదు సార్, ఇప్పుడు అర్థమైంది" అన్నాడు ఒకడు. వాడు ఇప్పుడు టెంపరింగ్ సెక్షన్ చూసుకుంటున్నాడు. ఒక షాపులో పంతొమ్మిదేళ్ళ కుర్రాడికి ఎవరూ చెప్పనిది, నా షాపులో చేరిన ప్రతివాడికీ ముందు చెప్పాలన్నది నా పట్టుదల.

ఈ సంఘం యాభై ఏళ్ళుగా ఈ బడికి గదులు కట్టింది, బెంచీలు ఇచ్చింది, ఫీజులు కట్టింది. స్వర్ణోత్సవం సందర్భంగా నా వంతు చిన్నది. హెడ్మాస్టారు గారు అనుమతిస్తే, ఏటా తొమ్మిదో తరగతి పిల్లలను ఒక రోజు నా యూనిట్‌కు తీసుకెళ్ళి, తిరిగి దింపే బాధ్యత నాది. ఎర్ర ట్రే, పచ్చ ట్రే చూపిస్తాను. అయస్కాంతం ఎక్కడ పట్టు వదులుతుందో వాళ్ళే చూస్తారు. రంగులు నడవడం చూస్తారు. ల్యాబుకు కొత్త ద్విలోహ పట్టీలు పన్నెండు తెచ్చాను, సైన్సు మాస్టారి బల్ల మీద పెట్టాను. మిగతా అన్నయ్యలు, తమ్ముళ్ళు కూడా మీ మీ పనుల్లోంచి ఇలాంటిది ఒక్కొక్కటి తెస్తే, పుస్తకంలో బొమ్మగా ఉన్నది పిల్లల చేతికి వస్తుంది.

ఈ రెండు బద్దలను ఇక్కడే వదిలి వెళుతున్నాను. వంకరది టెంపర్ అయినదే, భయం లేదు. సభ అయ్యాక పిల్లలు వచ్చి గాజు పలక మీద పెట్టి చూడవచ్చు. ఏ వైపు కొట్టాలో చెప్పినవాళ్ళకు సుత్తి ఇస్తాను.